గేటు దాటని సంగీత యాత్ర

కళింగపురం సంగీత కళాశాలకు ఆ రోజు రెండు ఉత్తర్వులు ఒకే కవరులో వచ్చాయి. రెండూ రాజధానిలో ఒకే ఆఫీసు నుంచి, ఒకే అధికారి సంతకంతో వచ్చినవే. మొదటిది చదివి ప్రిన్సిపాల్ గారు ఆనందంతో కుర్చీలోంచి లేచారు. రెండోది చదివి మళ్లీ కూలబడ్డారు.

మొదటి ఉత్తర్వు ఏమన్నదంటే, ప్రతి సంగీత కళాశాలా తన విద్యార్థుల వాద్యబృందాన్ని ఊరూరా తిప్పి "సంగీతంలో స్వేచ్ఛ, ప్రవాసం" అనే అంశం మీద కచేరీలు చేయించాలి, నెలాఖరులోగా ఫొటోలతో సహా నివేదిక పంపాలి. ఆ ఏడాది పైవాళ్లకు స్వేచ్ఛ మీద మోజు పుట్టింది లెండి. కిందటేడు చిరుధాన్యాల మీద పుడితే, ఇదే బృందం కొర్రల మీదా సామల మీదా కీర్తనలు కట్టి వాయించింది. రెండో ఉత్తర్వు మరీ పొట్టిది. విద్యార్థుల భద్రత, ప్రభుత్వ ఆస్తుల పరిరక్షణ దృష్ట్యా ఇకమీదట విద్యార్థి గాని, కళాశాల వాయిద్యం గాని ప్రహరీగోడ దాటరాదు. ఎక్కడో ఏదో కాలేజీవాళ్లు బస్సులో ఓ తంబురా మరిచిపోయారట. దాని పుణ్యం ఇది.

ప్రిన్సిపాల్ డాక్టర్ పట్నాయకుని భాస్కర్రావు గారు వయొలిన్ లెక్చరర్ని పిలిపించారు. ఆయన పేరు దూసి కూర్మనాథం. వాద్యబృందం బాధ్యత ఆయనదే. కమాను చేతిలో ఉన్నంతసేపూ కూర్మనాథం మాస్టారు ఎంతటివాణ్నీ లెక్కచెయ్యరు గానీ, ఆఫీసు గది గడప తొక్కగానే ఆయన నోరు కట్టుబడిపోతుంది. పైవాళ్లు ఏం చెప్పినా తలూపి, ఇంటికెళ్లి భార్య మీద విసుక్కోవడం ఆయన అలవాటు. పాపం, ఆవిడకు కళాశాల పరిపాలన అంతా ఆ విసుగుల్లోంచే తెలుసు.

"రెండూ మనకు శిరోధార్యములే మాస్టారూ," అన్నారు ప్రిన్సిపాల్ గారు. "యాత్ర జరిగి తీరవలెను. గోడ దాటరాదు. తదనుగుణంగా తగు చర్యలు గైకొనండి."

మాస్టారు తలూపారు. ఊపాక గుండె జారిపోయింది.

జారదూ మరి! యాత్ర సంగతి ముందే ఫోనులో తెలియడంతో ఆయన నెల రోజులుగా పిల్లల్ని కూర్చోబెట్టి కచేరీ తయారుచేశారు. పొట్టకూటికి ఓడెక్కి బర్మాలోని రంగం వెళ్లిన కూలీల పాటలు, యుద్ధంలో అక్కణ్నుంచి అడవుల వెంట నడిచొచ్చిన తల్లుల జోలపాటలు, జైళ్లలో గోడ మీద తాళం వేసుకుంటూ పాడుకున్నవి, అన్నీ ఏరి వయొలిన్లకూ వేణువులకూ తబలాకూ వీణకూ పంచారు. అన్నిటికన్నా చివర సన్నాయి మేళం. అది వాయించే పిల్ల పేరు కోరాడ పైడితల్లి. ఆ అమ్మాయికి మాత్రం ఇది కచేరీ కాదు.

పైడితల్లిది రేవులపాడు. ఆ ఊరు ఇప్పుడు రిజర్వాయరు అడుగున ఉంది. ఊరివాళ్లను లారీలెక్కించి ఎక్కడో మెట్ట మీద పునరావాస కాలనీలో దింపారు. గ్రామదేవత బంగారమ్మను కూడా తెచ్చుకున్నారు గానీ, అమ్మవారికి పట్టా ఇవ్వడానికి రూల్సు ఒప్పుకోలేదు. దాంతో ఆవిణ్ని రేషను డిపోలో, బియ్యం బస్తాల మధ్య ఉంచారు. ఇన్నేళ్లకు కాలనీవాళ్లు తలా కాస్త వేసుకుని గద్దె కట్టారు. వచ్చే మంగళవారం పండగ. కానీ గద్దె ఎక్కించేటప్పుడు ఊరి మేళం, అదే ఆ సన్నాయి పాట, మోగాల్సిందే. అది వచ్చినవాడు పైడితల్లి తండ్రి సింహాద్రి ఒక్కడే. అతనికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. నోటితో పాడి కూతురికి నేర్పాడు. యాత్రలో ఆఖరి మజిలీ రేవులపాడు కాలనీ, ఆ మంగళవారమే అని మాస్టారు మాటిచ్చారు.

"మంగళవారం తప్పితే మల్లీ ఏడాదిదాకా మంచి రోజు లేదంటన్నారండీ పెద్దలు," అంది పైడితల్లి. "మా నాన్న అన్నాళ్లు ఉంటాడో ఉండడో. నేను వాయిస్తుంటే ఇనాలని ఆయనకొక్కటే కోరికండి."

మాస్టారు వయొలిన్ పెట్టె తుడుస్తూ కూర్చున్నారు.

చిక్కు విప్పినవాడు ఆఫీసు సూపరింటెండెంటు లింగాల జగ్గారావు. రూలు ఎదురొస్తే నలుగురూ పక్కకు తప్పుకుంటారు, జగ్గారావు మాత్రం దాంతో కబుర్లాడి లోబరుచుకుంటాడు.

"సార్, రూల్ పొజిషన్ క్లియర్‌గానే ఉంది," అన్నాడతను. "బృందం గోడ దాటకూడదన్నారు. ఊళ్లు గోడ లోపలికి రాకూడదని ఎక్కడా అన్లేదు."

"విశదీకరించుము," అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"కాంపౌండులోనే ఊళ్లని నోటిఫై చేస్తామండి. సైకిల్ స్టాండు టెక్కలి. క్యాంటీన్ పాలకొండ. లేడీస్ హాస్టల్ వెనక ఖాళీ జాగా పార్వతీపురం. బృందం ఊరూరా తిరుగుతుంది, గోడా దాటదు."

ప్రిన్సిపాల్ గారు అతని వంక చూసిన చూపులో ఆప్యాయత పొంగింది. మర్నాటికల్లా ఊళ్ల పేర్లతో రేకు బోర్డులు పాతేశారు.

యాత్ర అంటే వాహనం ఉండాలి కదా. తోటపనికి వాడే ట్రాక్టరు ట్రాలీలో జంపఖానా పరిచి పిల్లల్ని ఎక్కించారు. సైకిల్ స్టాండు నడిస్తే నాలుగడుగుల దూరం కూడా లేదు. అంత దగ్గరైతే దాన్ని ప్రయాణం అనడానికి వీల్లేదని జగ్గారావు అభ్యంతరం చెప్పడంతో, ట్రాక్టరు కళాశాల చుట్టూ తిరిగీ తిరిగీ పిల్లలకు కళ్లు తిరిగాక టెక్కలి చేరింది. తబలా కుర్రాడు చిట్టిబాబు దిగుతూనే వాంతి చేసుకున్నాడు. అది కూడా ఫొటో తీయించారు, ప్రవాసపు కష్టాల కింద పనికొస్తుందని.

టెక్కలి ప్రజలుగా అటెండర్లూ గుమాస్తాలూ సైకిళ్ల మధ్య కూర్చున్నారు. టెక్కలి పురప్రముఖుల హోదాలో ప్రిన్సిపాల్ గారే స్వాగతం పలికారు. "ఎక్కడో సుదూరాన గల కళింగపురం నుండి వ్యయప్రయాసలకోర్చి మా టెక్కలికి విచ్చేసిన కళాశాల బృందానికి, ముఖ్యంగా వారి ప్రిన్సిపాల్ గారి దార్శనికతకు, మా పట్టణం తరఫున జేజేలు" అంటూ తన మెడలో తనే దండ వేసుకున్నారు. ఎంత హుందాగా వేసుకున్నారంటే, ఎవరికీ నవ్వడానికి ధైర్యం చాలలేదు.

కచేరీ మాత్రం బ్రహ్మాండంగా సాగింది. రంగం పాట మొదలెట్టగానే అటెండరు ముసలి దాలినాయుడు, మా తాత ఆ ఓడమీదే వెళ్లి మరి తిరిగి రాలేదని పైపంచెతో కళ్లొత్తుకున్నాడు. మాస్టారికి కూడా కాసేపు తను సైకిల్ స్టాండులో ఉన్నట్టు గుర్తులేదు.

చిక్కంతా తర్వాత మొదలైంది. ఒక మాట నోటిఫై చేశాక దాన్ని కాదనడానికి ఎవరికీ అధికారం లేదు. సంస్కృతం లెక్చరర్ వేదాంతం గారు రెండు రోజులు క్లాసులు ఎగ్గొట్టి, నా సైకిలు టెక్కలిలో ఉండిపోయింది, ఎలా వచ్చేదని అడిగారు. క్యాంటీన్‌కి టీ తాగడానికి వెళ్లాలంటే ఊరు దాటే అనుమతి కావాల్సి వచ్చింది. క్యాంటీన్ అప్పలకొండ, నేను పాలకొండవాణ్ని, కళింగపురం ప్రిన్సిపాల్‌కి నా ఇడ్లీల మీద పెత్తనమేంటని సాంబారులో నీళ్లు పెంచేశాడు. పార్వతీపురంలో బట్టలారేసుకున్న హాస్టలు పిల్లలు ఊళ్లోంచి బట్టలు తెచ్చుకోవడానికి సెలవు చీటీలు రాశారు. ప్రిన్సిపాల్ గారు అన్నిటి మీదా ఓపిగ్గా సంతకాలు పెట్టారు. పాలన అంటే అంతే కదా అనుకున్నారు.

పార్వతీపురం కచేరీ అయ్యాక పైడితల్లి ట్రాలీ దిగి తిన్నగా జగ్గారావు బల్ల దగ్గరకి వెళ్లింది. మాస్టారు వెనకాలే వెళ్లారు.

"సార్, మా రేవులపాడు కాలనీ ఎక్కడ పెట్టినారండీ?"

"వాటర్ ట్యాంకు పక్కన," అన్నాడు జగ్గారావు ఉత్సాహంగా. "ముంపు గ్రామం కదా. నీళ్లకి దగ్గరగా ఉంటే సందర్భశుద్ధి ఉంటుందని నేనే సెలెక్ట్ చేశాను."

పైడితల్లి మొహం కందగడ్డలా అయింది. "మా అమ్మోరు రేషను డిపోలో ఉందండీ. గద్దె అక్కడ కట్టినారు. మా నాన్న అక్కడ ఉన్నాడు. మీ ట్యాంకు కాడ నేనెవలికోసం వాయించాలి?"

ఆ గొడవకి ప్రిన్సిపాల్ గారు గదిలోంచి బయటికొచ్చారు. "ఆవేశపడరాదు. అమ్మవారికి మన కళాశాల తరఫున లాంఛనప్రాయంగా ఆహ్వానం పంపుదాం. వారు విచ్చేసినచో ప్రత్యేక ఆసనం కేటాయించబడును."

అంతే, కూర్మనాథం మాస్టారికి ఒళ్లు మండిపోయింది. ఆఫీసు గడప లోపల ఆయనకి ఒళ్లు మండటం అదే మొదటిసారి. "అమ్మవారు ఇక్కడికి రావడమేమిటండీ? సిగ్గులేదూ మనకి! ఇల్లూ ఊరూ పోయినవాళ్ల పాటలు సైకిళ్లకి వినిపిస్తున్నాం. నిజంగా ఊరు పోయినవాళ్లు అక్కడ ఎదురుచూస్తున్నారు. అసలు ఈ గేటు దాటాలంటే ఏం చెయ్యాలో చెప్పండి, అది చేస్తాను!"

జగ్గారావు దాన్ని కోపంగా తీసుకోలేదు, ప్రశ్నగా తీసుకున్నాడు. పెన్ను చెవిలో పెట్టుకుని ఆలోచించాడు. "విద్యార్థి గేటు దాటకూడదు. విద్యార్థి కానివాడు దాటొచ్చు. అంటే బహిష్కరించాలండి. బహిష్కరించినవాణ్ని లోపల ఉంచడానికి వీల్లేదు కూడా."

మాస్టారి బుర్ర పాదరసంలా పనిచేసింది. "సార్," అన్నారు ప్రిన్సిపాల్ గారితో, గొంతు తగ్గించి. "అంశం ప్రవాసం. మిగతా కాలేజీలన్నీ ప్రవాసం గురించి వాయిస్తాయి. బృందాన్ని నిజంగా ప్రవాసం పంపిన కాలేజీ రాష్ట్రంలో ఒక్కటైనా ఉంటుందాండీ?"

ప్రిన్సిపాల్ గారి కళ్లలో దీపాలు వెలిగాయి. "రాష్ట్రంలోనే ప్రప్రథమముగా," అన్నారు మెల్లగా, నివేదికలో ఆ వాక్యం ఎక్కడ పడుతుందో అప్పుడే చూస్తున్నట్టు. "విచారణ సంఘాన్ని తక్షణమే ఏర్పాటు చేయుడు."

బహిష్కరించాలంటే నేరం ఉండాలి కదా. వెతగ్గా వెతగ్గా దొరికింది. యాత్ర మొదటి రోజు బృందమంతా టెక్కలిలో ఉండాల్సిన సమయంలో అనుమతి లేకుండా పాలకొండ వెళ్లి టీ తాగింది. ప్రిన్సిపాల్ గారు, జగ్గారావు, వేదాంతం గారు విచారణకు కూర్చున్నారు.

"అభియోగమును అంగీకరించుచున్నారా?"

పిల్లలందరూ చేతులెత్తారు.

"నేను సమోసా కూడా తిన్నానండి," అన్నాడు చిట్టిబాబు, ఎక్కడ తనని వదిలేస్తారో అని భయపడి.

"అదనపు అభియోగముగా నమోదు చేయుడు," అన్నారు ప్రిన్సిపాల్ గారు. అందరినీ వారం రోజులు బహిష్కరించారు. పైడితల్లి ఆనందం పట్టలేక వేదాంతం గారి కాళ్లకి దండం పెట్టింది. ఆయన అలవాటు కొద్దీ "కల్యాణమస్తు" అన్నారు.

వాయిద్యాల సంగతి మిగిలింది. దానికీ జగ్గారావే దారి చూపాడు. పనికిరాదని కండెమ్ చేసిన వస్తువు ప్రభుత్వ ఆస్తి కాదట, చెత్త. చెత్తని ఎప్పటికప్పుడు గోడ బయటికి పంపాలని వేరే ఉత్తర్వు ఉంది. "యాత్రయ్యాక చెత్తలోంచి ఏరుకుని మళ్లీ స్టాకులోకి తీసుకుంటాం లెండి, ఆ రూలు కూడా ఉంది" అని మాస్టారిని ఊరడించాడు. కానీ సంఘం స్వయంగా పరీక్షించకుండా కండెమ్ చెయ్యడానికి లేదు. అందుచేత పిల్లలు ఒక్కొక్కరే వచ్చి తమ వాయిద్యం వాయించి చూపించారు. వీణ వాయించారు, వేణువులు వాయించారు, ఆఖర్న మాస్టారు వయొలిన్ మీద జోలపాట ఎత్తుకున్నారు. వేదాంతం గారు వెక్కి వెక్కి ఏడ్చారు. ప్రిన్సిపాల్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. పాట అయ్యాక ముగ్గురూ కాస్త తేరుకుని, ఈ వాయిద్యంలోంచి ఏ శబ్దమూ రావడం లేదని సంతకాలు చేశారు.

అప్పుడు జగ్గారావు గొంతు సవరించుకున్నాడు. "బృందం నేరం చేస్తే బాధ్యుడికి శిక్ష లేకపోతే ఆడిట్‌లో అడుగుతారండి. మాస్టారిని సస్పెండ్ చెయ్యాలి."

"చెయ్యండి, చెయ్యండి," అన్నారు మాస్టారు హుషారుగా. ఆ సాయంత్రం తనకి ఉరిశిక్ష వేసినా ఒప్పుకునే ఊపులో ఉన్నారాయన.

"కాకపోతే సస్పెన్షన్‌లో ఉన్న ఉద్యోగి హెడ్ క్వార్టర్స్ విడిచి వెళ్లకూడదు."

పైడితల్లి గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. మాస్టారు లేకుండా బృందం వాయించగలదు గానీ, ఇంతదాకా తీసుకొచ్చిన ఆయన్ని గేటు లోపల వదిలి వెళ్లడమంటే ఆ పిల్లకి ప్రాణం ఒప్పుకోలేదు. "సార్ రాకపోతే నేనూ ఎల్లనండి," అని మొండికేసింది. మాస్టారు కసిరారు, బతిమాలారు, అయినా కదల్లేదు.

జగ్గారావు మళ్లీ పెన్ను చెవిలో పెట్టుకున్నాడు. "రేవులపాడు కాలనీ ఎక్కడుందండీ?"

"మెట్ట మీద! ఎన్నిసార్లు చెప్పాలయ్యా నీకు?" అరిచారు మాస్టారు.

"నోటిఫికేషన్ ప్రకారం ఎక్కడుందండీ?"

మాస్టారు కాస్త తగ్గారు. "వాటర్ ట్యాంకు దగ్గర."

"ట్యాంకు హెడ్ క్వార్టర్స్‌లోనే కదండీ. మరి మీరు రేవులపాడు వెళ్తే హెడ్ క్వార్టర్స్ విడిచినట్టు ఎలా అవుతుంది?" అన్నాడు జగ్గారావు, పసిపిల్లలకి చెప్పినట్టు. "మజ్జిలో ఎక్కడా దిగకండి. మిగతా ఊళ్లకి గ్యారంటీ ఇవ్వలేను."

జీవితమంతా తిట్టుకున్న ఆ మనిషిని మాస్టారు అప్పుడు గట్టిగా కావలించుకున్నారు. జగ్గారావుకి అందుకు రూలు గుర్తురాక కాసేపు చేతులు ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

మంగళవారం పొద్దున్న గేటు దగ్గర బహిష్కరణోత్సవం జరిగింది. ప్రిన్సిపాల్ గారు ఒక్కొక్కరికీ దండ వేసి, "మిమ్మల్ని వెళ్లగొట్టుచున్నందుకు ఈ కళాశాల ఎంతగానో గర్వించుచున్నది. ఇదే క్రమశిక్షణతో మున్ముందు కూడా బహిష్కరణకు గురై సంస్థకు పేరు తేగలరని ఆశిస్తున్నాను" అని మాట్లాడారు. పిల్లలు చెత్తని జాగ్రత్తగా భుజాలకి తగిలించుకున్నారు. మాస్టారు వయొలిన్ పెట్టెని గుండెకి ఆనించుకుని పల్లెవెలుగు బస్సెక్కారు. మధ్యలో బస్సు ఆగినప్పుడు కొబ్బరినీళ్లకి కూడా దిగలేదు, పాపం.

కాలనీలో ఇళ్లన్నీ ఒకే అచ్చు. ఏ ఇల్లు ఎవరిదో తెలియక గుమ్మాల మీద ఎవరికి తోచిన రంగు వాళ్లు పూసుకున్నారు. రేషను డిపో ముందు ఊరంతా గుమిగూడి ఉంది. సింహాద్రిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి తీసుకొచ్చారు. డీలరు సత్యం తలుపు తీసి, బస్తాల మధ్యనున్న బంగారమ్మ ముందు సాష్టాంగపడ్డాడు. "ఇన్నాళ్లబట్టి నీ కళ్లముందు తూకంలో ఒక్క గింజ తగ్గించలేకపోయాను తల్లీ. ఇకనైనా నన్ను బతకనియ్యి," అన్నాడు. అది విన్న ఆడవాళ్లు, అయితే అమ్మోరిని ఇంకొన్నాళ్లు ఇక్కడే ఉంచీద్దాం అని పెద్దగా నవ్వారు.

బృందం ముందు రంగం పాట వాయించింది. తర్వాత పైడితల్లి సన్నాయి ఎత్తింది. మేళం సగంలో ఆ పిల్లకి ఊపిరి తడబడి ఒక మలుపు తప్పింది. కుర్చీలోంచి సింహాద్రి బొంగురు గొంతుతో ఆ మలుపు అందించాడు. పైడితల్లి అందుకుంది. ఇక ఎక్కడా ఆగలేదు. సింహాద్రి ఎడమచేతి వేళ్లు మోకాలి మీద సన్నాయి రంధ్రాలు మూస్తూ తెరుస్తూ ఉన్నాయి, అతని కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. మాస్టారు వెనక వయొలిన్ మీద ఒకే స్వరం పట్టుకుని నిలబడ్డారు. అంతకుమించి ఏదైనా వాయిస్తే ఏడుస్తానని ఆయనకి భయం. మేళం సాగుతుండగానే నలుగురు మగవాళ్లు బంగారమ్మను ఎత్తుకెళ్లి గద్దె మీద కూర్చోబెట్టారు. జనం అరిచిన అరుపుకి డిపో మీది పావురాలన్నీ లేచిపోయాయి.

తర్వాత అందరూ వరసగా విస్తళ్లు వేసుకున్నారు. పిల్లలు మొహమాటపడుతూ దూరంగా నిలబడ్డారు. సూరమ్మ అనే ముసలావిడ అన్నం గంప నడుముకి ఆనించుకుని పైడితల్లి దగ్గరకొచ్చింది.

"ఈలందరూ ఎవులే బుల్లీ? ఏ కాలేజోల్లు?"

"కాలేజీ నుంచి గెంటేసినారు మామ్మా," అంది పైడితల్లి. "అందర్నీ. సార్ని కూడా."

"అయ్యో అయ్యో! ఏటి సేసినారు మీరు?"

"టీ తాగినాం."

సూరమ్మ పిల్లల్ని ఒక్కొక్కళ్లనీ తేరిపార చూసింది. నెరిసిన తలతో చెత్త పెట్టె పట్టుకుని నిలబడ్డ మాస్టారినీ చూసింది. ఆవిడకి ఎక్కడా అనుమానం రాలేదు, ఆశ్చర్యం అంతకన్నా రాలేదు.

"మమ్మల్ని గెంటినప్పుడు టీ కూడా తాగలేదే మేము," అంది. "అయితే మీరు మనోల్లే. దూరంగా నిలబడ్డారేటి? రండి, కూకోండి."

అందరికన్నా ముందు మాస్టారు కూర్చున్నారు.